ఇంటికి రెండు వందల యాభై ఆరు

పిన్నికి అసలు పేరు ఒకటి ఉంది. జీతం కాగితం మీద తప్ప అది ఇంకెక్కడా కనిపించదు. స్తంభాలెక్కే మనిషి దగ్గర్నించి యజమాని దాకా అందరికీ ఆమె నంబర్ల పిన్నే. తనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలుస్తారు. మొదట్లో చిరాకు పడేది, తర్వాత మానేసింది. ఎంతమందితోనని పోట్లాడుతుంది.

ఆమె పని అర్థం కావాలంటే ముందు ఆ చిన్న కంపెనీ సంగతి తెలియాలి. ఒకప్పుడు ఇళ్లకి కేబుల్ టీవీ ఇచ్చేవాళ్లు. తర్వాత అదే స్తంభాల మీదుగా ఇంటర్నెట్ ఇవ్వడం మొదలెట్టారు. ఆఫీసంటే రెండు గదులు. ముందుగదికి వీధివైపు ఒక కిటికీ, దానికి కమ్మీలు, కమ్మీల కింద చెయ్యి పట్టేంత సందు. ఆ కిటికీ వెనక కుర్చీలో ఇరవై ఆరేళ్లుగా పిన్ని. ముందు ఒక పొడుగాటి రిజిస్టరు, ఒక పెన్సిలు, ఒక రబ్బరు. పెన్నుతో రాయదు. ఇవాళ ఇచ్చింది రేపు వెనక్కి లాక్కోవాల్సి రావచ్చని ఆమె ముందుచూపు.

ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉండాలి. ఇంటికి డోరు నంబరు లాంటిదే. అది లేకపోతే మీరడిగింది ఎక్కడికి తెచ్చివ్వాలో ఎవరికీ తెలీదు. ఈ నంబర్లు తయారుచేసిన మహానుభావులు ప్రపంచం మొత్తానికీ నాలుగు వందల ముప్ఫై కోట్లు చాలనుకున్నారు. వాళ్లననీ లాభం లేదు. అప్పటికి ఫోన్లు గోడకి వేలాడుతున్నాయి, టీవీలు చెప్పింది చూపించి ఊరుకునేవి. ఇప్పుడో, మనిషికో ఫోను, గోడకో టీవీ, గుమ్మానికో కెమెరా. నాలుగు వందల ముప్ఫై కోట్లూ ఎప్పుడో ఊడ్చుకుపోయాయి. కొత్తగా అడిగితే ఇచ్చేవాడు లేడు. పిన్ని కంపెనీ వాటాకి వచ్చినవి రెండు వందల యాభై నాలుగు. ఇళ్లు మాత్రం ఆరు వేలు.

మరెలా సరిపెడుతుందంటే, అదే పిన్ని విద్య. ఓ వంద నంబర్లు సొంతంగా కావల్సినవాళ్లకి: మందుల షాపులకి, బడికి, దవాఖానాకి. మిగతావాటిలో ఒక్కో నంబరు మీద నలభై ఇళ్లు. నలభై ఇళ్లకి ఒకటే డోరు నంబరన్నమాట. లోపల్నించి బయటికి వెళ్లడానికి ఇబ్బంది లేదు. బయటినుంచి వచ్చేవాడికి మాత్రం ఏ తలుపు తట్టాలో తెలీదు కాబట్టి వెనక్కి పోతాడు.

ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెట్టాలన్నది ఇంకో తలనొప్పి. ఒకసారి ఒక ఇంట్లో కంప్యూటరుకి ఏదో పురుగు పట్టి లోకమంతటికీ చెత్త ఉత్తరాలు పంపింది. దాంతో ఆ నంబరు మీదున్న నలభై ఇళ్లనీ అనుమానించారు. ఏ పేజీ తెరిచినా నువ్వు మనిషివో యంత్రానివో తేల్చుకో అంటుంది. నలభై కుటుంబాలూ రెండు రోజులపాటు పొద్దున లేచింది మొదలు ట్రాఫిక్ లైట్ల బొమ్మలు ఏరుతూ కూర్చున్నాయి. పిన్ని ఆ ఇంటిని తీసి ఇంకో నంబరు కింద పెట్టింది. ఆ నంబరు మీదున్న ముప్ఫై తొమ్మిది ఇళ్లూ అంతకుముందు ఆమెతో గొడవ పెట్టుకున్నవే. కావాలని చేయలేదంటుంది. మనం నమ్మాలి.

ఈ చేతి బిగువు ఈనాటిది కాదు. పుట్టింట్లో తొమ్మిదిమందికి ఒకటే స్నానాలగది. పొద్దున్నే దాని తలుపు దగ్గర రోజూ యుద్ధం. పదేళ్ల వయసులో ఆమె సుద్దముక్క తీసుకుని తలుపు మీద వరస రాసేసింది. నాన్నకి ఎనిమిది నిమిషాలు, గడ్డం ఉంది గనక పెద్దన్నయ్యకి తొమ్మిది, తనకి అయిదు. లోపల పాట పాడితే ఒక నిమిషం కోత. మూడోరోజుకల్లా ఇంట్లో అరుపులు ఆగిపోయాయి. ఉన్నది తక్కువైనప్పుడు పంచేవాళ్లు ఒకరుండాలని, ఆ ఒకరు తానేనని ఆమెకి అప్పుడే అర్థమైంది. పెళ్లయ్యాక కూడా అంతే. సబ్బుని సగానికి కోసి, ఒక సగం అలమరలో దాస్తుంది. ఆమె భర్త కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే మనిషి. మాటల్ని కూడా బాగా అరగదీసి గానీ బయటికి వదలడు. ఆ సబ్బు సంగతి మీద ముప్ఫై ఏళ్లలో ఆయన అన్నది ఒక్కటే మాట, "చిన్నదైతే జారిపోతుంది" అని.

ఆ కిటికీ ముందు వరసలో నిలబడేవాళ్లలో వానల మాస్టారు ఒకరు. లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మేడ మీద వాన కొలిచే పెట్టె పెట్టుకుని ముప్ఫై ఏళ్లుగా ఏ రోజు ఎంత పడిందో రాస్తున్నారు. ఆ పెట్టెకి సొంత నంబరు ఒకటి ఉంటే, ఎక్కడివాళ్లయినా నేరుగా దాన్నే అడిగి తెలుసుకోవచ్చని ఆయన కోరిక. ఎవరడుగుతారండీ అంటే, అడిగేవాళ్లకి కూడా అడగడానికి ఒక చోటుండాలి కదమ్మా అంటారు. పదకొండేళ్లుగా నెలనెలా మొదటి సోమవారం, పదకొండు గంటలకి, ముత్యాల్లాంటి అక్షరాలతో అప్లికేషను రాసుకుని వస్తారు. పిన్ని ఆసాంతం చదువుతుంది. కుదరదంటుంది. ఎందుకు కుదరదో చెబుతుంది. ఆయన ఎందుకు కుదరాలో చెబుతారు. వెనక వరస పెరుగుతూ ఉంటుంది. పావుగంటకి ఆయన నమస్కారం పెట్టి, వచ్చేనెల వస్తానని వెళ్తారు. ఆ అప్లికేషన్లన్నీ ఆమె తేదీల వరసన ఫైలు చేసింది. ఇంకెవరి కాగితాలకీ అంత మర్యాద చేయదు.

ఇక్కడ ఏమాటకామాటే చెప్పుకోవాలి. పిన్ని దగ్గర ఏడు నంబర్లు ఖాళీగా ఉన్నాయి. ఆపదకి పనికొస్తాయని ఎప్పుడో దాచింది. రిజిస్టర్లో వాటికెదురుగా 'పాత ఫ్యాను', 'మెట్ల కింద గది' లాంటి పేర్లు రాసి ఉంటాయి. యజమానికి కూడా తెలీదు. అందులో ఒకటి మాస్టారుకి ఇస్తే అరిగిపోయేదేమీ లేదు. మొదటి రెండేళ్లూ నిజంగా ఆపదకనే ఇవ్వలేదు. ఆ తర్వాత ఎందుకివ్వలేదంటే, ఇస్తే ఆయన మళ్లీ రారు గనక. ఇది ఆమె పైకి చెప్పుకున్న మాట కాదు. ఆదివారం సాయంత్రమే మర్నాటి చీర ఇస్త్రీ చేసుకునే మనిషి, మాస్టారు వచ్చే ముందటి ఆదివారం మాత్రం రెండుసార్లు చేసుకునేది. భర్త చూసి ఒక మాట అరగదీసి, అనకుండానే ఊరుకున్నాడు.

ఇలా సాగుతుండగా నూట ఇరవై ఫ్లాట్ల కొత్త అపార్ట్‌మెంటు ఒకటి లేచింది. కనెక్షన్ మీదేనన్నారు, కానీ ఒక షరతు. ప్రతి ఫ్లాటుకీ గుమ్మం మీద కెమెరా ఉంది, దాన్ని ఆఫీసులో కూర్చుని చూసుకోవాలి. అంటే బయటినుంచి లోపలికి రావాలి. నలభై ఇళ్ల పంపకం పనికిరాదు, నూట ఇరవై సొంత నంబర్లు కావాలి. పాత ఫ్యానూ మెట్ల కింద గదీ కలిపినా ఆ లెక్కకి ఏ మూలకీ రావు.

యజమాని ముప్ఫై అయిదేళ్లవాడు. పిన్నిని ఉద్యోగంలో పెట్టుకున్న పెద్దాయన కొడుకు. చిన్నప్పుడు ఆ కిటికీ కిందే కూర్చుని హోంవర్కు రాసుకున్నాడు. అతనొక కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కొత్త రకం నంబర్లు వచ్చాయి పిన్నీ, మనకీ ఇచ్చారు అన్నాడు. ఎన్నిచ్చారో ఆ కాగితంలో ఉంది. అంకెలు లెక్కబెడితే ఇరవై తొమ్మిది తేలాయి. ఆమె కళ్లజోడు తుడుచుకుని మళ్లీ లెక్కబెట్టింది. పాత ప్రపంచం మొత్తానికి ఎన్ని నంబర్లుండేవో, ఈ రెండు గదుల కంపెనీకి ఇప్పుడు అన్ని ఇళ్ల వాటాలున్నాయి. ఒక్కో వాటాలో ఇరవై అంకెల సంఖ్యంత నంబర్లు.

ఆ తర్వాత అతను గొంతు సవరించుకున్నాడు. ఇక ఎవరూ వచ్చి అడగక్కర్లేదు పిన్నీ, ఇంటర్నెట్ పెట్టె తగిలిస్తే దాని నంబరు అదే కల్పించుకుంటుంది, రాయడాలు చెరపడాలు ఉండవు అన్నాడు. అపార్ట్‌మెంటు పని అయ్యాక ఈ కిటికీ తీసేసి అద్దాల తలుపు పెట్టిస్తానన్నాడు. మీకు లోపలిగదిలో ఫ్యాను కింద మంచి కుర్చీ వేయిస్తా, చల్లగా కూర్చోండి అన్నాడు. పాపం, మంచి మనసుతోనే అన్నాడు. పిన్నికి మాత్రం ఒంట్లోంచి ఏదో తీసేసినట్టయింది. లోపలిగదిలో ఫ్యాను కింద కూర్చుని ఏం చేస్తుంది? ఎవరు మాట్లాడతారు? సాయంత్రం ఇంటికెళ్లి, నన్ను కూర్చోబెట్టేశారని భర్తతో చెప్పింది. ఆయన చాలాసేపు ఆలోచించి, కుర్చీకి చేతులున్నాయా అని అడిగాడు.

అయితే పంపకం ఎలా చేయాలో ప్లాను వేసే పని యజమాని ఆమెకే అప్పజెప్పాడు. ఇళ్ల సంగతి ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కాగితంతోపాటు వచ్చిన చిన్న పుస్తకం ఇచ్చి, ఇందులో అంతా ఉంది చదవండి అన్నాడు. ఆమె మొదటి నాలుగు పేజీలు చదివింది. ఇంటికో వాటా పూర్తిగా ఇచ్చేయమని ఉంది. ఇరవై అంకెల సంఖ్య, ఒక్క ఇంటికి. ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఉన్న చీమలక్కూడా ఇస్తారా ఏమిటి? వెనకటి నాలుగు వందల ముప్ఫై కోట్లూ తరగవనే కదా చెప్పింది. చెప్పినవాళ్లు బాగానే ఉన్నారు, కమ్మీల వెనక కూర్చుని కుదరదు కుదరదని గొంతు పోగొట్టుకున్నది తను. మళ్లీ అదే తప్పు తన చేతిమీదుగా జరగనివ్వదు.

పెన్సిలు తీసుకుంది. ఇంటికి ఎన్ని సరిపోతాయని ఆలోచించింది. పది యంత్రాలు, చుట్టాలొస్తే ఇంకో పది. వంద రాసి చెరిపేసింది. కాస్త ఉదారంగా ఉందామనుకుని రెండు వందల యాభై ఆరు రాసింది. మొత్తం కంపెనీకి ఇన్నాళ్లూ ఉన్నవాటికంటే అవి రెండు ఎక్కువ. ఇంత ధారాళంగా తను జన్మలో ఎవరికీ ఏదీ ఇవ్వలేదు. మిగతాదంతా రేపటికి, ఎల్లుండికి, ముందు తరాలకి అని అటక మీద పెట్టినట్టు పక్కన పెట్టేసింది. పుస్తకంలో మిగతా పేజీలు చదవలేదు. పంచడం తనకి పుస్తకాలు నేర్పాలా అనుకుంది.

శనివారం అయిదు ఇళ్లలో తగిలించి చూశారు. అక్కడ బాగుంటే శుక్రవారం అపార్ట్‌మెంటు సంతకాలు. ఆ అయిదింటిలో ఒకటి మాస్టారి ఇల్లు. అందరికంటే ఎక్కువకాలం ఎదురుచూసింది ఆయనేనని యజమానే జాబితాలో పెట్టాడు. పాత నంబర్లు తీసేసి కొత్తవే ఇచ్చారు. పెట్టెలు తగిలించే మనిషిని అందరూ నిచ్చెన అంటారు. భుజం మీద నిచ్చెన లేకుండా పెళ్లిలో తప్ప అతన్నెవరూ చూడలేదు. ఇద్దరు పిల్లల తండ్రి, పనిలో గట్టివాడు. సాయంత్రానికి ఆ గట్టివాడు జుట్టు పీక్కుంటూ వచ్చాడు. పెట్టెకి పచ్చదీపం వెలుగుతోంది, ఇంట్లో ఫోన్లకి మాత్రం ఏమీ రావడంలేదు. తీగలు మార్చాడు, పెట్టెలు మార్చాడు, పెట్టెని కాస్త బతిమాలాడు కూడా. లాభం లేదు. నంబర్లు సరిగ్గానే ఉన్నాయా పిన్నీ అని అడిగితే, ఒకటికి నాలుగుసార్లు చూశానంది. అది నిజమే.

ఆదివారానికి నాలుగు ఇళ్లవాళ్లు అరిచి గోల పెట్టి పాత కనెక్షన్లు వేయించుకున్నారు. మాస్టారొక్కరే వద్దన్నారు. పదకొండేళ్లు ఆగినవాణ్ని, అయిదు రోజులు ఆగలేనా అన్నారట. మంగళవారం యజమాని చేతులెత్తేశాడు. శుక్రవారం దాకా చూస్తానని, కాకపోతే అపార్ట్‌మెంటువాళ్లకి మావల్ల కాదని చెప్పేస్తానన్నాడు. కొత్తది మనకి అచ్చిరాలేదు పిన్నీ, ఉన్నదాన్నే నలభైకి బదులు అరవై ఇళ్లకి పంచుకుంటూ పోదాం, మీ కిటికీ మీదే అన్నాడు. ఆ మాటకి పిన్ని గుండె గంతేసింది. వెంటనే సిగ్గేసింది. సిగ్గు కాసేపే ఉంది.

బుధవారం మధ్యాహ్నం అన్నం డబ్బా తెరుచుకుని, చదవడానికి ఇంకేమీ లేక ఆ పుస్తకం మిగతా పేజీలు తిప్పింది. తొమ్మిదో పేజీ రెండుసార్లు చదివింది. కొత్త రకం నంబరులో ముందు సగం కంపెనీ ఇస్తుంది. వెనక సగం ఇంట్లోని యంత్రం తనకు తానే కల్పించుకుంటుంది. అందుకని ఆ వెనక సగమంతా దానికి ఖాళీగా వదలాలి. చోటు తగ్గితే యంత్రం ప్రయత్నం కూడా చేయదు, ఊరుకుంటుంది. అంటే చొక్కాకి గుడ్డ అడిగినవాడికి ఆమె జేబురుమాలంత ముక్క కోసిచ్చి కుట్టుకోమంది. పొదుపు చేశాననుకుంది. చేసింది మాత్రం ఇదీ. కొత్త నంబరు పొడుగు నూట ఇరవై ఎనిమిది గళ్లు; ప్లానులో కంపెనీ భాగానికి ఆమె నూట ఇరవై గళ్లు రాసినచోట సగం, అంటే అరవై నాలుగు అని దిద్దితే చాలు. ఒక్క సంఖ్య.

డబ్బా మూసేసింది. ఈ సంగతి లోకంలో తనకొక్కదానికే తెలుసు. నోరు మూసుకుని శుక్రవారం దాకా కూర్చుంటే చాలు. కిటికీ ఉంటుంది, వరస ఉంటుంది, మొదటి సోమవారాలుంటాయి. ఆమె అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఎవరూ అడగలేదు. పుస్తకాన్ని సొరుగులో అడుగున పెట్టి, దానిమీద రబ్బరు బ్యాండ్ల డబ్బా పెట్టింది. ఆ సాయంత్రం ఇంట్లో కొత్త సబ్బు కోస్తూ వేలు కోసుకుంది.

గురువారం నిచ్చెన వచ్చి, మాస్టారు నిన్ను ఒకసారి రమ్మంటున్నారు పిన్నీ, నీకేదో చూపించాలట అన్నాడు. కనెక్షన్ల ఇళ్లకి ఆమె ఎప్పుడూ వెళ్లలేదు. ఇళ్లన్నీ రిజిస్టర్లో గీతలుగానే తెలుసు. వెళ్తుంది, పాపం అంటుంది, ఏం చేస్తాం మాస్టారూ అంటుంది, వచ్చేస్తుంది. అంతే అనుకుని బయల్దేరింది.

ముందుగదిలో బల్ల మీద పాత పేపర్లు పరిచి ఉన్నాయి. వాటిమీద వాన పెట్టె ముక్కలుముక్కలుగా ఉంది. గరాటు ఒకవైపు, లోపలి చిన్న తూకం ఒకవైపు, మరలు ఒక గిన్నెలో. మాస్టారు భూతద్దం పెట్టుకుని ఒక తీగని చూస్తున్నారు. ముప్ఫై ఏళ్లలో దాన్ని విప్పడం ఇదే మొదటిసారని ఆయన భార్య గుమ్మంలోంచి అంది. నిన్న వాన పడింది, ఈయన కొలవలేదు, రాత్రి అన్నం తినలేదు అని కూడా అంది.

మాస్టారు తలెత్తి నవ్వారు. తప్పు ఎక్కడుందో దొరికిపోయిందమ్మా అన్నారు. మీ కంపెనీ నంబర్లు సరిగ్గా ఉన్నాయి, ఆ అబ్బాయి తీగలు సరిగ్గా ఉన్నాయి. ఇక మిగిలింది నా పెట్టే. పాతదైపోయింది, కొత్త పద్ధతి దీనికి తలకెక్కడంలేదు. అందరం ఒకే తీగ మీదున్నాం గనక ఇదే అడ్డుపడి మా ఫోన్లనీ, ఆ నాలుగిళ్లనీ కూడా ఆపేసి ఉంటుంది. మీరందరూ నావల్ల ఇబ్బంది పడ్డారు, యజమానిగారితో మీరే కాస్త చెప్పాలి అన్నారు. అలా చెబుతూ ఆయన చూపించిన తీగ చివర శుభ్రంగా, నిక్షేపంలా ఉంది.

పిన్ని పాపం అందామని నోరు తెరిచింది. ఈ మనిషి తనమీద ఒక్క అనుమానమైనా పడి ఉంటే ఎంత తేలికగా ఉండేదోననిపించింది. గిన్నెలోని మరలు లెక్కబెట్టింది. పద్నాలుగు. మళ్లీ లెక్కబెట్టింది.

"పెట్టె బిగించేయండి మాస్టారూ," అంది. "తప్పు దానిది కాదు. నాది."

ఆ తర్వాత ఆగలేదు. రెండు వందల యాభై ఆరూ, తొమ్మిదో పేజీ, బుధవారం మధ్యాహ్నం, సొరుగు, రబ్బరు బ్యాండ్ల డబ్బా, అన్నీ చెప్పేసింది. పాత ఫ్యాను గురించి కూడా చెప్పేసింది. ఎందుకివ్వలేదన్నది మాత్రం సగంలో ఆపేసింది. మాస్టారు భూతద్దం కింద పెట్టి శ్రద్ధగా విన్నారు. కోప్పడలేదు. ఇంటికి రెండు వందల యాభై ఆరంటే, ఇవ్వాల్సినదాంట్లో ఎన్నో వంతో తెలుసామ్మా అని మాత్రం అడిగి, పేపరు అంచు మీద భాగహారం మొదలెట్టారు. అది చాలా పెద్ద భాగహారం. పిన్ని వచ్చేసేటప్పటికి ఇంకా చేస్తూనే ఉన్నారు.

ఆఫీసుకొచ్చి యజమానికీ చెప్పింది, నిలబడే చెప్పింది. అతను ఆమెవంక చూశాడు, నిచ్చెనవంక చూశాడు. అయిదు రోజులు నేను స్తంభాలెక్కి దిగానా అని నిచ్చెన గోడని అడిగాడు. యజమానికి కోపం వచ్చిందో నవ్వొచ్చిందో అతనికే తెలిసినట్టు లేదు. చివరికి, దిద్దండి పిన్నీ అన్నాడు. నూట ఇరవై చెరిపేసి అరవై నాలుగు కొట్టింది. అక్కడ రబ్బరు పనికిరాదు, కంప్యూటరులో కొట్టాలి. మీట మీద వేలు పెట్టింది. ఆ మీట నొక్కితే తన కుర్చీని తనే లాగేసుకున్నట్టని ఆమెకి బాగా తెలుసు. నొక్కింది.

పది నిమిషాల్లో మాస్టారి ఇంట్లో ఫోన్లు మోగాయి. శుక్రవారం సంతకాలయ్యాయి. శనివారం నిచ్చెన అపార్ట్‌మెంటులో పెట్టెలు తగిలించుకుంటూ పోయాడు, ఎవరూ పిన్నిని ఏమీ అడగలేదు. పాత ఇళ్లకి కూడా ఒక్కో వీధీ మారుతోంది. కొత్త నంబర్లు రిజిస్టర్లో రాద్దామని చూసింది. ఒక్కోటీ గీత దాటి పక్క గీతలోకి పోతోంది. పైగా ఆ ఫోన్లు మర్నాటికి నంబరు మార్చేసుకుంటున్నాయి, ఎవరికీ చెప్పకుండా. రెండు పేజీలు చెరిపి చెరిపి చిరిగాయి. రిజిస్టరు మూసేసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. వీధిలో పోయేవాళ్లు కిటికీవంక చూడను కూడా చూడటంలేదు. ఇరవై ఆరేళ్లుగా వీళ్లందరూ నాకోసం కాదు, నంబరు కోసం వచ్చారు అనుకుంది. అందులో తప్పేముంది, పోస్టాఫీసుకి ఎవరైనా స్టాంపులకే వెళ్తారు. అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి.

సోమవారం వచ్చింది. నెలలో మొదటిది. అద్దాల తలుపు కొలతలకి మనిషి పదింటికొచ్చి వెళ్లాడు. ఆదివారం చీర ఇస్త్రీ చేయలేదు. పదకొండింటికి కమ్మీల కింది సందులోంచి ఒక కాగితం లోపలికొచ్చింది. ముత్యాల్లాంటి అక్షరాలు.

పిన్ని చదివింది. తమరు దయతో ఇచ్చిన నంబర్లలో నేను వాడుకుంటున్నవి నాలుగు: వాన పెట్టెకొకటి, నా ఫోనుకి, మా ఆవిడ ఫోనుకి, టీవీకి. మిగిలినవి దయచేసి వాపసు తీసుకోగలరు. కింద మిగిలినవెన్నో రాసి ఉంది. ఇరవై అంకెలు, చక్కగా కామాలతో.

"ఇదేమిటి మాస్టారూ?"

"లెక్క రెండుసార్లు చూశానమ్మా."

"అది కాదు. ఎందుకు తెచ్చారని."

మాస్టారు జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. కిటికీ తీసేస్తున్నారని నిచ్చెన చెప్పాడన్నారు. మీ దగ్గర కొన్ని ఉంటే, ఎవరికైనా కావల్సొస్తే అడగడానికి ఇక్కడికే రావాలి కదా అన్నారు. పిన్నికి నవ్వొచ్చింది.

"లెక్కల మాస్టారు మీరు. తరగనివాటి కోసం ఎవరైనా వస్తారా?"

"రారు. నాకు తెలుసు."

"మరి?"

"ఊరికే రావడం నాకు చేతకాదమ్మా," అన్నారు మాస్టారు, కమ్మీలవైపు చూస్తూ. "చేతిలో కాగితం ఉండాలి."

పిన్ని ఆ కాగితాన్ని ఫైలులో పెట్టలేదు. లేచి, పక్క తలుపు తీసుకుని, గోడ చుట్టూ తిరిగి కిటికీకి ఇవతలి వైపు వచ్చింది. ఇరవై ఆరేళ్లలో పనివేళల్లో అటువైపు రావడం అదే మొదలు. ఇవి నేను తీసుకోను, మీ దగ్గరే ఉంచుకోండి, వాడినా వాడకపోయినా మీవే అంటూ కాగితం ఆయన చేతిలో పెట్టింది. మీరు మాత్రం రండి అంది. ఒకరికి ఏదైనా ఇంత ఎక్కువగా ఇచ్చేసి కూడా తనకేమీ తక్కువకాలేదని ఆమెకి ఆశ్చర్యంగా ఉంది. గోడవారగా, వరసలోవాళ్లు కూర్చునే బెంచీ మీద కూర్చుంది. అది ఒక్కసారి అటు ఒరిగింది, మళ్లీ ఇటు ఒరిగింది. ఆమె బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

"ఇది ఇలా కుంటుతుందా మాస్టారూ?"

"పదకొండేళ్లుగా," అన్నారు ఆయన.

ఆ అప్లికేషన్ని రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా మడిచి, మెల్లిగా వంగి పొట్టికాలి కింద దూర్చారు. పిన్ని కాస్త కదిలి చూసింది. బెంచీ కదల్లేదు. పక్కకి జరిగి ఆయనకి చోటిచ్చింది.